పచ్చికకు నీటి తడులు

ఇంటి ముందు పెంచే పచ్చికకు ఏడాది పొడవునా ఒకే లెక్కన నీరు పెట్టడం తగదు. ఆంధ్ర, తెలంగాణల్లో లాన్‌కు వాడే గరిక జాతి బెర్ముడా, కొరియన్ గడ్డి వేడిని బాగా తట్టుకుంటాయి. అయినా వేసవిలో వారానికి సుమారు 25 నుంచి 35 మిల్లీమీటర్ల నీరు కావాలి. మిల్లీమీటరంటే చదరపు మీటరుకు లీటరు. స్ప్రింక్లర్ కింద ఖాళీ డబ్బాలు పెట్టి చూస్తే ఎంత పడుతోందో తెలుస్తుంది.

రోజూ పైపైన చిలకరించడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. వేళ్లు పైపొరలోనే ఉండిపోయి, ఒక్కరోజు నీరు తప్పినా గడ్డి వాడుతుంది. వారానికి రెండు మూడు తడులు, 10–15 సెంటీమీటర్ల లోతు నానేలా ఇవ్వాలి. ఇసుక నేలకు కొద్దికొద్దిగా, తరచుగా పెట్టాలి. నల్లరేగడి మెల్లగా పీల్చుకుంటుంది కాబట్టి, నీరు పారిపోకుండా ఆపి ఆపి వదలాలి. కొత్తగా నాటిన గడ్డికి మాత్రం వేళ్లూనేదాకా రోజూ తేలికపాటి తడి తప్పదు.

తెల్లవారుజామున పెడితే ఆవిరయ్యేది తక్కువ. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే శిలీంధ్ర తెగుళ్లు సోకుతాయి. తొక్కిన గడ్డి తిరిగి లేవకపోయినా, నీలిబూడిద రంగుకు తిరిగినా నీరు పెట్టాల్సిందే. వానాకాలంలో బెట్ట రోజుల్లో తప్ప అవసరం ఉండదు. చలికాలంలో ఎదుగుదల మందగిస్తుంది, తడుల మధ్య ఎడం పెంచాలి.