డూలా

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందేనని మన సామెత. కాన్పులో తల్లికి తోడుగా నిలిచే డూలా మాత్రం బిడ్డను పట్టదు, పరీక్ష చేయదు, మందివ్వదు. అవి డాక్టరు, మిడ్‌వైఫ్ పనులు.

మాట గ్రీకుది. ప్రాచీన కాలంలో దానికి బానిస స్త్రీ అని అర్థం. అది నాకిప్పటికీ మింగుడుపడదు. అమెరికా మానవశాస్త్రవేత్త డానా రాఫెల్ 1973లో పాలివ్వడంపై రాసిన పుస్తకంలో, బాలింతకు అండగా నిలిచే ఆడమనిషిని ఇలా పిలిచారు. తర్వాత మార్షల్ క్లాస్, జాన్ కెనెల్ అనే వైద్యులు గ్వాటెమాలాలో చేసిన అధ్యయనాలతో ఆ మాట కాన్పు గదిలోకీ వచ్చింది.

డూలాలుగా మేం అక్కడ చేసేదేమిటంటే, నొప్పి వచ్చినప్పుడల్లా నడుం కింద అరచేతి మొదలుతో గట్టిగా అదిమిపట్టడం. నొప్పి తగ్గిన సందులో రెండు గుక్కలు నీళ్లు తాగించడం. ఆ అదమడం భర్తకూ నేర్పి కాస్త పక్కకు జరగడం. “ఇంకెంతసేపమ్మా, ఆపరేషన్ చేసేయమనండి” అని కంగారుపడే అత్తగారికి ఏం జరుగుతోందో ఓపిగ్గా చెప్పడం. నిజంగా సిజేరియన్ అవసరమైతే ఆ తల్లికి ధైర్యం చెప్పడమూ మా పనే.

కాన్పు పొడుగునా తోడున్నవారికి సిజేరియన్లు తక్కువని 15 వేలమందికి పైగా మహిళల వివరాలు చూసిన 2017 కోక్రేన్ సమీక్ష చెప్పింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే అయిన తెలంగాణలో, ప్రతి ప్రసూతి వార్డులో ఇలాంటి తోడు ఉండాలి.