కొల్లేటి లంకలు : శిశిరకాల జీవనము

ఆంధ్రభాషయందు జలాశయములకు దేశ్యనామములు పెక్కు గలవు. విశాఖపట్టణపు సీమవారు పల్లమున నిలిచిన విశాలజలమును ‘ఆవ’ యందురు. చోడవరము, అనకాపల్లి ప్రాంతములవారికి కొండకర్ల ఆవ సుపరిచితము. కృష్ణాగోదావరుల నడిమి దేశమున నట్టి జలమునకు ‘కొలను’ అని పేరు. ఈ శబ్దము ఔపవిభక్తికమగుటచే ‘కొలని’ యను రూపమును బొందును. కాకతీయులనాటి శాసనములందు గానవచ్చు కొలని ప్రభువుల నామ మిట్టిదే. వారి పురమును సంస్కృతమున ‘సరసీపురి’ యని వ్యవహరించిరి. ‘కొల్లేరు’ శబ్దమో, విభక్తి చేరునపుడు ‘కొల్లేటి’ యగును. ఏఱు ‘ఏటి’ యగునట్లే యిదియు నగుటచే నుత్తరభాగము ‘ఏఱు’ అని తోచుచున్నది. కొలనునకు ఏఱన్న పేరేల? ప్రవహించునది యేఱు, నిలుచునది కొలను. ఈ రెండు ధర్మములును గల జలమును జిరకాలము కనిపెట్టి చూచినవారు గాని యిట్టి పేరు పెట్టజాలరు.

వారి చూపు యథార్థమైనది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగునవి వచ్చి కొల్లేట గలియును. ఉప్పుటేరు దాని నీటిని బంగాళాఖాతమునకు గొనిపోవును. వానకాలమున నీరు పొంగి మైదానముల గప్పును. శిశిరమున దిగువకు జాఱి మెఱకల బయల్పఱచును. ఆ మెఱకలే లంకలు. వానిలో కొల్లేటికోట, గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక మొదలగు నూళ్లు వెలసినవి.

రాజుల ప్రశస్తులలో నీ జలము వేఱు విధమున గానబడును. శకవర్షము 556, అనగా క్రీ. శ. 634 ప్రాంతమున రవికీర్తి రచించిన ఐహొళె శాసనము రెండవ పులకేశి పిష్టపురవిజయమును జెప్పి, వెంటనే కునాళజలము హతుల రక్తముచే నెఱ్ఱనయ్యెనని వర్ణించినది. ఈ కునాళము కొల్లేరేయని కీల్‌హారన్ పండితు డభిప్రాయపడెను. సముద్రగుప్తుని ప్రయాగప్రశస్తిలోని ‘కౌరాళక’ పదమును గూడ నాతడు దీనికే యన్వయింపజూచెను గాని, దాని నందఱు చరిత్రకారులు నంగీకరింపలేదు. పాలిగ్రంథములందు కుణాలశబ్దము ఒక పక్షికిని, హిమవత్ప్రాంతమందలి యొక సరస్సునకును నామము. దేశ్యమగు కొలను శబ్దమును వర్ణవ్యత్యయముచే నట్లు సంస్కరించి, పక్షిసరోవరముల రెంటిని దలపించు రూపమును గవి గ్రహించి యుండవచ్చును.

దండి దశకుమారచరితమున మంత్రగుప్తుని కథలో ఆంధ్రనగరమునకు మిక్కిలి దూరము గాని యొక సరస్సు వర్ణింపబడినది. అది సముద్రమువంటిది, కలహంసలును, బెగ్గురులును గలది. ఇది కొల్లేరేయని పలువు రూహించిరి. సరస్సు పేరు మాత్ర మందు లేదు. మంత్రగుప్తుని పెదవులు గాయపడియుండుటచే నాతని కథ యంతయు నోష్ఠ్యవర్ణములు లేక సాగినది. ఉకార మోష్ఠ్యము, ఒకారము కంఠోష్ఠ్యము. కావున ‘కొలను’ అను శబ్దమునకు గాని, ‘కొల్లేరు’ అను శబ్దమునకు గాని యా నియమమున జోటే లేదు. అయినను పక్షులను జెప్పుట కవి మఱవలేదు.

స్థానికుల యైతిహ్యము వేఱొకటి. కొల్లేటికోటలో లాంగూల గజపతి దుర్గముండెననియు, శత్రువులు చిగురుకోట యొద్ద విడిసి, నడుమ నీరుండుటచే నేమియు జేయజాలక, నీటిని సముద్రమునకు దిగదీయుటకై కాలువ త్రవ్విరనియు, అదియే యుప్పుటేరనియు జెప్పుదురు. ఒక సేనాని కార్యసిద్ధికై తన కూతునే బలి యిచ్చెనట. ఆ కాలువకు ‘పేరంటాల కనమ’ యని పేరు నిలిచినది. కథ యెంతవఱకు సత్యమైనను, దాని మర్మ మొక్కటి స్పష్టము: కొల్లేటి లంకల బ్రతుకు నీటిమట్టమున నున్నది. నీరు తగ్గినచో గోటయే నిలువదు.

ఈ లంకలలో జేపలు పట్టి జీవించు వడ్డి కులమువారు ప్రధానులు. ఓఢ్రశబ్దభవమగు ‘ఒడ్డె’ యను మాటతో వారి నామమునకు సంబంధము గలదని తలంతురు. మాఘఫాల్గుణములు వారికి ముఖ్యకాలము. నీరు పలుచనై, కొఱ్ఱమీను, మట్టగిడస, ఇంగిలాయి, వాలుగ మడుగులకు జేరును. తెల్లవాఱుజామున మంచు విడకముందే తాటిదోనెలు కదలును. నీరెంత తగ్గెనో, యే మడుగున జేప యున్నదో కొంగల వ్రాలుటను బట్టి పోల్చుకొందురు. చేపలచెఱువులు ప్రబలుటకు బూర్వము నీరు తీసిన నేలలో దాళ్వా వరి నాటుటయు గలదు. ఫాల్గుణమున కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర జరుగును. దారి లేని దినములలో యాత్రికులు పడవలమీదనే వచ్చెడివారు.

పక్షుల తెలుగు నామములందు నిట్టి పరిశీలనమే గోచరించును. ఇద్దఱు చేరి పొలమునకు నీరు తోడు సాధనము గూడ. ముక్కుక్రింది సంచితో నీటిని జేపతో గూడ నెత్తునది గూడబాతు. జంబుగడ్డిలో దిరుగునది జంబుకోడి. నత్తగుల్లల నొలిచి తినునది నత్తగుల్లకొంగ. కవులు వియోగమునకు జెప్పు చక్రవాకమే తెలుగున జక్కవ; అది శీతకాలమున హిమాలయముల కావలినుండి వచ్చి, వేసవి రాకముందే మరలిపోవును. గూడబాతు మాత్ర మీ దేశముననే గూడు కట్టును.

ఆ గూడబాతు చరిత్రము విచారకరమైనది. పశ్చిమగోదావరి మండలమందలి ఆరేడు గ్రామమున జెట్లపై నవి గుంపులుగా గూళ్లు గట్టుటను గూర్చి నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1949లో వ్రాసెను. మూడు దశాబ్దములైన నిండకముందే యవి యా యూరు విడిచినవి. తరువాత కైకలూరునకు సమీపమందలి ఆటపాకలో మరల గూళ్లు గట్టినవి.

ఈలోపల చేపలచెఱువుల గట్లు కొల్లేటిని ముక్కలు చేసినవి. 1999లో ప్రభుత్వము అయిదవ కాంటూరు, అనగా సముద్రమట్టమునకు అయిదడుగుల యెత్తు వఱకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్ల భాగమును పక్షిరక్షణస్థలముగా బ్రకటించెను. 2002లో అది రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో జేరెను. 2006లో గట్లను దెగగొట్టిరి. చెఱువులే జీవనాధారమైన లంకలవారికి నష్టము గలిగెను. వివాదము నేటికిని సమసిపోలేదు.

పూర్వు లిచ్చిన పేరు దీనికి గొలబద్ద కాదగును. గట్టు గట్టి నీటిని నిలిపినచో నది కొలను మాత్రమే. ఎల్ల నీటిని సముద్రమునకు విడిచినచో నది యేఱు మాత్రమే. రెండును గూడి యున్నంతవఱకే యది కొల్లేరు. అప్పుడే లంకవానికి జేపయు, గూడబాతునకు గూడును నిలుచును. లేనిచో జంబుకోడి, నత్తగుల్లకొంగ మొదలగు మాటలు నిఘంటువులందు మిగిలి, వాని యర్థమును జూపుటకు దీరమున నొక పక్షియు మిగులకపోవును.