నవోహితో ఎవరి కొడుకు? హనజోనో చక్రవర్తి కుటుంబంపై ఆధారాల పరిశీలన

జపాన్ రాజవంశావళిలో 95వ చక్రవర్తి హనజోనో (1297–1348). నవోహితో (1335–1398) ఆయన కొడుకేనని ఆనాటి రాజసభ అంతా నమ్మింది. అయితే హనజోనో అన్న కొడుకు కోగొన్ 1343లో రాసిన ఒక పత్రంలో నవోహితోకు అసలు తండ్రి తానేనని చెప్పాడు. ఈ మాటను ఎంతవరకు అంగీకరించవచ్చు? జవాబు కోసం ముందు ఆ కుటుంబంలో హనజోనో స్థానమేమిటో చూడాలి.

గో-సగా చక్రవర్తి 1272లో మరణించాక అతని ఇద్దరు కొడుకుల సంతతి రెండు శాఖలుగా చీలింది. పెద్దవాడు గో-ఫుకకుసా శాఖకు జిమ్యోయిన్ అని, చిన్నవాడు కమెయామా శాఖకు దైకకుజి అని పేర్లు. కమకురా సైనిక ప్రభుత్వం మధ్యవర్తిగా ఉండగా సింహాసనం ఈ రెండు శాఖల మధ్య చేతులు మారుతూ వచ్చింది. హనజోనో జిమ్యోయిన్ శాఖవాడు. తండ్రి ఫుషిమి, సవతి అన్న గో-ఫుషిమి, ఇద్దరూ చక్రవర్తులే. 1308లో దైకకుజి శాఖకు చెందిన గో-నిజో మరణించడంతో పదకొండేళ్ల హనజోనో గద్దెనెక్కాడు. అన్నకు అప్పటికింకా కోగొన్ పుట్టలేదు. అందువల్ల హనజోనోను అన్నకు దత్తుడిగా భావించి, వారసత్వం మళ్లీ అన్న సంతతికే చేరేలా ఏర్పాటు చేశారు. పదేళ్లు ఏలి, 1318లో ఆయన దైకకుజి శాఖవాడైన గో-దైగోకు సింహాసనం అప్పగించాడు.

1310 నుంచి 1332 వరకు హనజోనో స్వయంగా రాసుకున్న దినచర్య ఈ చరిత్రకు ప్రధాన ఆధారం. ప్రత్యర్థి శాఖవాడైనా గో-దైగో పాలనను అందులో మెచ్చుకున్నాడు. స్వపక్షానికి లాభంలేని చోట కూడా నిజం రాసే మనిషి కనుక ఆ దినచర్యకు విశ్వసనీయత ఎక్కువ. 1313లో పుట్టిన కోగొన్ చదువు బాధ్యతను ఆయన మనసుపెట్టి మోశాడు. 1330లో యువరాజుగా ఉన్న అతనికి ఒక హితబోధ రాసిచ్చాడు. తెగని వంశం ఉంది కదా అని ధైర్యపడితే రాజ్యం నిలవదని, విద్య, సద్గుణం లేని రాజుకు గడ్డుకాలం తప్పదని అందులో హెచ్చరించాడు. మూడేళ్లకే, 1333లో, కమకురా ప్రభుత్వం కూలింది. క్యోటో నుంచి పారిపోతున్న ఆ ప్రభుత్వ సైన్యంతోపాటు గో-ఫుషిమి, హనజోనో, కోగొన్ ముగ్గురూ ఓమి ప్రాంతంలోని బాంబా దాకా వెళ్లి పట్టుబడ్డారు. 1335లో హనజోనో సన్యసించాడు.

నవోహితో పుట్టింది ఆ ఏడే. తల్లి హనజోనో భార్య జిషి. దినచర్య మూడేళ్ల ముందే ఆగిపోయింది కాబట్టి ఈ విషయంలో దాని సాక్ష్యం దొరకదు. మిగిలిన ముఖ్య ఆధారం కోగొన్ పత్రం. అందులో రెండు సంగతులున్నాయి. మొదటిది వారసత్వం: కోగొన్ పెద్దకొడుకు, తర్వాత సుకో చక్రవర్తి అయినవాడు, తన జీవితకాలం ఏలాలి, ఆపైన సింహాసనం నవోహితో సంతతికి దక్కాలి. రెండవది పితృత్వం: అందరూ నవోహితోను హనజోనో కొడుకనుకుంటున్నా, 1335లో కసుగా దేవత సందేశం తర్వాత తన వల్ల పుట్టాడని, ఈ రహస్యం తనకూ ఆ తల్లికీ తప్ప ఇతరులెవరికీ తెలియదని కోగొన్ రాశాడు.

ఈ మాటకు బలం చేకూర్చే అంశాలున్నాయి. ఇది లోకానికి చాటిన ప్రకటన కాదు. సొంత పెద్దకొడుకు సంతతిని పక్కనపెట్టి మరొకరికి రాజ్యం ఇవ్వడానికి గట్టి కారణమే ఉండాలి. రక్తసంబంధం అలాంటి కారణం.

సందేహానికీ చోటుంది. సాక్షి ఒక్కడే, అతనే లబ్ధిదారు. నవోహితో తన కొడుకని తేలితే వారసత్వ ఏర్పాటు గో-ఫుషిమి సంతతిలోనే నిలిచినట్లవుతుంది. దేవతా సందేశాన్ని ప్రమాణంగా చూపడం ఆ కాలపు రాజకీయాల్లో హక్కును స్థాపించే పద్ధతి. పైగా జిషికి హనజోనో వల్ల కలిగిన కూతురు జుషి కోగొన్‌కు భార్య. పత్రం నిజమైతే అతను పినతండ్రి భార్యతోనూ, ఆమె కూతురితోనూ సంబంధం కలిగి ఉన్నట్టే. ఇది అసాధ్యమని చెప్పలేం. ఒక్క కాగితం మీద ఆధారపడి నిర్ధారించనూ లేం. తనను తీర్చిదిద్దిన పినతండ్రి రుణం తీర్చుకోవాలన్న కోరిక కూడా ఈ ఏర్పాటుకు కారణమై ఉండవచ్చు.

కోగొన్ సంకల్పం మాత్రం మొదట అమలుకు నోచుకుంది. 1348లో సుకో సింహాసనమెక్కగానే నవోహితో యువరాజయ్యాడు. అదే ఏడాది చివర్లో హనజోనో కన్నుమూశాడు. కానీ 1351లో ప్రత్యర్థి దైకకుజి శాఖకు చెందిన దక్షిణ రాజసభతో కుదిరిన రాజీలో సుకో, నవోహితో ఇద్దరూ పదవులు కోల్పోయారు. మరుసటి ఏడు దక్షిణ పక్షం కోగొన్‌నూ, అతని తమ్ముడు కోమ్యోనూ, సుకో, నవోహితోలనూ బందీలుగా తీసుకుపోయింది. నవోహితో 1357లో క్యోటోకు తిరిగి వచ్చినా మళ్లీ వారసుడు కాలేదు.

కోగొన్ పత్రం అతని సంకల్పానికి తిరుగులేని సాక్ష్యం, పితృత్వానికి బలమైన సూచన మాత్రమే. అందుచేత వంశావళిలో నవోహితోను హనజోనో కొడుకుగానే ఉంచి, కోగొన్ వాదాన్ని పక్కన నమోదు చేయడమే ప్రస్తుత ఆధారాలకు తగిన తీర్పు.