గడ్డివాముకు నిప్పంటుకుంటే: డెలివరీ పైపును మడిచి పెట్టుకోవడం, పరవడం, కాపాడుకోవడం

సంగారెడ్డి జిల్లా సిర్గాపూర్ మండలంలో నల్లవాగు కింద వరి, బోర్ల కింద చెరకు, మెట్టలో పత్తి, కంది, జొన్న సాగవుతాయి. ఫిబ్రవరి నుంచి తొలకరి వరకు కళ్లాల దగ్గర, పశువుల కొట్టాల పక్కన వరిగడ్డి, జొన్న చొప్ప, కంది కట్టె పేరుకుని ఉంటుంది. ఒక్క వాము కాలిపోయిందంటే పచ్చగడ్డి మొలిచే వరకు పశువులకు మేత కొనాల్సిందే. కొనలేక ఎడ్లనో బర్రెలనో అమ్ముకునే వాళ్లూ ఉంటారు.

ఫైరింజను నారాయణఖేడ్ వైపు నుంచి రావాలి. అది వచ్చే వరకు ఆ నిప్పును అక్కడే ఆపగలిగేది బోరు నీళ్లు, వాటిని మోసుకొచ్చే డెలివరీ పైపు. ఈ పైపు చాలా మంది రైతుల దగ్గర ఉంది. కానీ అవసరమైనప్పుడు అది గట్టు మీద ముడులు పడి, ఎలుకలు కొరికి, క్లిప్పు లేకుండా ఉంటుంది. అగ్నిమాపక సిబ్బంది హోస్ పైపును ఒక పద్ధతిలో చుట్టి పెట్టుకునేది ఈ ఇబ్బంది రాకూడదనే. ఆ పద్ధతి మన పైపుకూ పనికొస్తుంది.

ముందు నీళ్ల లెక్క

రెండున్నర అంగుళాల పైపు మీటరు పొడవులో సుమారు 3 లీటర్ల నీళ్లు పడతాయి. 30 మీటర్ల పైపు నిండితే 93 లీటర్లు, అంటే 93 కిలోల బరువు. నిండిన పైపును ఇద్దరు మనుషులకు కూడా అటూ ఇటూ లాగడం కష్టం. అందుకే పైపును ఖాళీగా ఉండగానే పరవాలి, నీళ్లు తర్వాత వదలాలి. ఎక్కువ మంది మోటరు ముందు వేసి, పైపు తర్వాత లాగుతారు. అక్కడే సమయమంతా పోతుంది.

మీ బోరు సెకనుకు 2 లీటర్లు పోస్తుందనుకుందాం. 30 మీటర్ల పైపు నిండడానికి ముప్పావు నిమిషం, 100 మీటర్లు నిండడానికి రెండున్నర నిమిషాల పైనే పడుతుంది. కాబట్టి వాము బోరుకు దగ్గరగా ఉండేలా వేసుకోండి. ఒకే పెద్ద వాము కాకుండా ఎడం వదిలి రెండు మూడు చిన్న వాములు వేస్తే ఇంకా మంచిది. కరెంటు తీగల కింద మాత్రం ఎప్పుడూ వేయొద్దు.

ఇంకో సంగతి. పైపు మూతి వెడల్పుగా ఉంటే ఆ నీళ్లు మీ కాళ్ల దగ్గరే పడతాయి. మూతికి రెడ్యూసరు బిగించి అర అంగుళానికి తగ్గిస్తే అవే 2 లీటర్లు పది మీటర్లకు పైగా దూకుతాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఈ చిన్న సామానును పైపుకే కట్టి ఉంచండి. మూతిని వాల్వుతో ఒక్కసారిగా మూయొద్దు. ఎదురు దెబ్బకు జాయింటు ఊడిపోవచ్చు, పీవీసీ పైపు పగలవచ్చు.

మడిచే పద్ధతులు

పైపు పొడవుగా ఉంటే 30 మీటర్ల ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ రెండు వైపులా ఒకే సైజు కప్లింగులు పెట్టించండి. ఒక ముక్క పగిలితే దాన్నే మార్చుకోవచ్చు. మోయడమూ తేలిక.

కొట్టంలో పెట్టుకోవడానికి జోడు చుట్ట మేలు. పైపులో నీళ్లన్నీ ఒంపి నేల మీద తిన్నగా పరవండి. ఒక చివరను పైపు మీదుగానే రెండో చివర వైపు తీసుకొచ్చి, దానికి ఒక మీటరు ఇవతల ఆపండి. ఇప్పుడు మధ్యలో మడత పడిన చోటు నుంచి చాప చుట్టినట్టు చుట్టుకుంటూ రండి. కప్లింగులు రెండూ బయటి వైపే మిగులుతాయి. విప్పేటప్పుడు రెండు చివరలూ పట్టుకుని చుట్టను ముందుకు దొర్లిస్తే చాలు. మామూలుగా ఒక చివర నుంచి చుట్టిన పైపులో ఒక కప్లింగు చుట్ట మధ్యలో ఇరుక్కుంటుంది. మొత్తం విప్పితే గానీ అది చేతికి రాదు.

చెరకు తోట పక్కన, సన్నని గట్ల మీద భుజం కట్ట బాగుంటుంది. అడవుల్లో మంటలార్పే వాళ్లు పైపును ఇలాగే కట్టలుగా మోస్తారు. మూతి ఉన్న చివరను ముందు నేల మీద పెట్టి, దాని మీద నిలువెత్తు కంటే కొంచెం తక్కువ పొడవుతో చీర కుచ్చిళ్లలా అటూ ఇటూ మడతలు వేయండి. మోటరుకు తగిలించే చివర అన్నిటికంటే పైకి రావాలి. సైకిల్ ట్యూబు ముక్కలతో రెండు చోట్ల కట్టండి, ఒక్క లాగుతో ఊడేలా. అవసరం పడితే పై చివరను మోటరు పైపుకు బిగించి, కట్టను భుజాన వేసుకుని, ట్యూబులు లాగేసి నడవండి. మడతలు పైనుంచి ఒక్కొక్కటిగా జారి వెనక పడుతుంటాయి. వరస తలకిందులైతే మాత్రం పైపు మెలిపడి భుజం మీదే చిక్కుకుంటుంది. ఇది ఖాళీగా ఉన్నప్పుడు ఇంట్లో వాళ్లతో రెండుసార్లు చేసి చూడాల్సిన పని.

నిప్పు దగ్గర

ముందు 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయించండి. ఊరి పేరుతో పాటు ఏ దారిన రావాలో చెప్పి, మలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. మంట కరెంటు తీగల కింద ఉంటే లైన్‌మన్‌కు లేదా 1912కు చెప్పి సరఫరా ఆపించే వరకు నీళ్లు కొట్టొద్దు. సరఫరా ఆగితే మీ మోటరూ ఆగుతుంది. అందుకే ట్రాక్టరు ట్యాంకరు, పవర్ స్ప్రేయరు ఎవరి దగ్గర ఉన్నాయో ముందే తెలుసుకోండి.

పైపును గాలి వచ్చే వైపు నుంచి పరవండి. పొగకు ఎదురు వెళ్లొద్దు. మలుపుల దగ్గర వెడల్పుగా తిప్పండి, మూతి దగ్గర రెండు మూడు మీటర్లు వదులుగా ఉంచండి. మూతి పట్టుకున్న మనిషి చెయ్యి ఎత్తిన తర్వాతే స్టార్టరు నొక్కాలి. స్టార్టరు దగ్గరి మనిషి అక్కడి నుంచి కదలకూడదు.

మండుతున్న వామును దక్కించుకోవాలనే ఆరాటం సహజం. కానీ మొదటి నీళ్లు పక్క వాము మీద, కొట్టం మీద పడాలి. పశువులను ముందే విప్పేయండి. వాము మీద ఎన్ని నీళ్లు పోసినా పైపొరే తడుస్తుంది, లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. మంట తగ్గాక కొంకి కర్రలతో కొంచెం కొంచెంగా లాగి, పరిచి తడపాలి. ఆ రాత్రి కాపలా తప్పదు.

చెరకు తోటలో, వరి కొయ్యల్లో మంట లేస్తే లోపలికి అడుగు పెట్టొద్దు. అంచు తడపండి. కొయ్యలకు నిప్పు పెట్టి, అది పక్క చేనుకు పాకుతుంటే ఆర్పబోయి పెద్ద వయసు రైతులు పొగలో పడిపోయి చనిపోయిన వార్తలు వేసవిలో వింటూనే ఉన్నాం. పంట పోతే పోనీ, వెనక్కి రండి.

ఫైరింజను వచ్చాక మీ పైపును దారికి అడ్డం తీసేయండి. వాళ్ల కప్లింగులు వేరు, మీ పైపు వాటికి అతకదు. కానీ మీ బోరు అప్పటికీ పనికొస్తుంది. బండిలో సుమారు 4,500 లీటర్లు ఉన్నాయనుకున్నా, నిమిషానికి 400 లీటర్ల లెక్కన 11 నిమిషాల్లో అయిపోతాయి. ట్యాంకు మళ్లీ నింపుకోవడానికి దగ్గరి బోరు, బావి చూపించండి.

పైపు ఎక్కువ కాలం రావాలంటే

తుమ్మ ముళ్ల మీద, రాళ్ల మీద ఈడ్చొద్దు. నీళ్లున్న పైపు మీదుగా ట్రాక్టరు పోనివ్వొద్దు. తప్పదంటే పైపుకు రెండు వైపులా దాని కంటే ఎత్తయిన దుంగలు వేసి దాటించండి. ఎరువు, మందు నీళ్లు పారించిన తర్వాత మంచి నీళ్లతో కడగండి. వాడాక ఒక చివర ఎత్తి నీళ్లు ఒంపి, నీడలో ఆరేయండి. ఎండలో వదిలేసిన పీవీసీ పైపు పెళుసుబారి, మడత దగ్గరే చీలుతుంది. ప్రతిసారీ మడత ఒకే చోట పడకుండా కొంచెం జరిపి మడవండి.

ఆరిన చుట్టను కొట్టంలో దూలానికి వేలాడదీయండి, ఎలుకలకు అందదు. వాషర్లు ఎండిపోయి ఉంటే మార్చండి. చిన్న చిల్లుకు ట్యూబు ముక్క చుట్టి క్లిప్పు బిగిస్తే ఆ పూటకు గడుస్తుంది. చీలిక పెద్దదైతే అక్కడ కోసి, లోపల గట్టి పైపు ముక్క పెట్టి రెండు వైపులా క్లిప్పులు వేయండి.

సంక్రాంతి దాటగానే ఒకసారి పైపునంతా పరిచి నీళ్లు వదిలి చూడండి. కారుతున్న చోట్ల సుద్దతో గుర్తు పెట్టుకుంటే, పైపు ఆరాక బాగు చేయడం తేలిక.