అన్నవరం: వ్రతం కట్టిన ఊరు

కోరంగి, కాకినాడ సముద్రపు బేరం మీద ఎదిగాయి. మండపేట, రామచంద్రపురం కాలవ కింద వరితో బాగుపడ్డాయి. అదే పాత తూర్పు గోదావరి జిల్లాలోని అన్నవరానికి రేవూ లేదు, డెల్టా కాలవా లేదు. ఉన్నదల్లా పంపా నది, దాని పక్కన రత్నగిరి. ఆ కొండ మీది సత్యనారాయణ వ్రతమే ఊరికి పంటా, పరిశ్రమా.

ఈ కథ 1891లో మొదలైంది. ఈరంకి ప్రకాశం అనే బ్రాహ్మణుడికీ, గోర్స–కిర్లంపూడి జమీందారు రాజా ఇనుగంటి వెంకట రామరాయణింగారికీ స్వామి కలలో కనిపించాడనీ, కొండమీద అంకుడు చెట్టు కింద విగ్రహం దొరికిందనీ స్థలపురాణం. ఖర నామ సంవత్సరం శ్రావణ మాసంలో, ఆగస్టు 6న ప్రతిష్ఠ చేశారు. 1933-34లో రాతి గుడి కట్టారు, 2011-12లో దాన్ని మళ్లీ నిర్మించారు. గుడి రథం ఆకారంలో ఉంటుంది. కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా నిలిచిన సుమారు 13 అడుగుల మూర్తిలో అడుగున బ్రహ్మ, నడుమ శివుడు, పైన విష్ణువు. అందుకే ఏ సంప్రదాయం వాళ్లయినా జంకు లేకుండా మెట్లెక్కుతారు.

కాలమూ కలిసొచ్చింది. 1893-96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా రైలుమార్గం పడింది. మద్రాసు–హౌరా లైను మీద అన్నవరం స్టేషనైంది. తర్వాత హైవే కూడా కొండ పక్కనుంచే పోయింది. ఇంట్లో చేసుకునే వ్రతానికి కొత్త జంటలు చుట్టాలతో సహా ప్రయాణం కట్టడం అలవాటైంది.

వ్రతకథలో కట్టెలమ్ముకునేవాడున్నాడు, ఓడ నిండా సరుకుతో తిరిగే సాధువనే షావుకారున్నాడు. ఆ షావుకారు కూతురు కళావతి ప్రసాదం తినకుండా పరుగెత్తితే, ఆమె భర్త ఓడతో సహా మునుగుతాడు. ఆ కథ విన్నవాళ్లెవరూ ప్రసాదం వదిలి కొండ దిగరు. గోధుమ నూక, నెయ్యి, తీపి, ఏలకులు కలిపి వండి, ఆకుపొట్లం కట్టి ఇస్తారు. వేడి తగిలిన ఆకు వాసన కూడా ఆ రుచిలో భాగమే. వరి తప్ప గోధుమ పండని సీమలో ఇంత గోధుమ నూక ఉడికే చోటు ఇదే కాబోలు.

వ్రత మండపాల్లో జంటలు వరసలుగా కూర్చుంటే, పురోహితుడు మైకులో చెబుతూ అందరిచేతా ఒకేసారి పూజ చేయిస్తాడు. ఆ వరసల వెనక తమలపాకులు, కొబ్బరికాయలు, అరటిపళ్లు, పూలు అమ్మేవాళ్లు, సత్రాలవాళ్లు, ఆటోవాళ్లు బతుకుతున్నారు. కార్తీకంలో కాలు పెట్టే చోటుండదు. మూఢం వచ్చి ముహూర్తాలు ఆగితే కొత్త జంటలు తగ్గుతాయి. డెల్టా రైతు ఆనకట్ట నీటికోసం చూసినట్టు, అన్నవరం దుకాణదారు పంచాంగం చూసుకుని సరుకు తెప్పించుకుంటాడు.