జకార్తా మైదానమున అతిథులు

తాడేపల్లిగూడెమునుండి కొందరు యువకులు ఏలూరులో జరుగు ఫుట్‌బాల్ పోటీ చూచుటకు రైలెక్కి వచ్చిరనుకొందము. దూరము యాభై కిలోమీటర్లకు అటునిటు. రెండూళ్లవారిది ఒకే భాష. ఇరువురూ ఒకే కాలువ నీరు త్రాగువారు. ఐనను తమ జట్టు గోలు చేసినపుడు ఆ యువకులు కేక వేయుటకు ముందు ఒకసారి ఇరుప్రక్కల చూచుకొందురు. చుట్టునున్నవారందరు ఎదుటి పక్షమువారు గదా! పొరుగూరిలోనే ఇంత జంకు కలుగునపుడు, సముద్రము దాటి పరదేశమున తన జట్టు ఆట చూడబోయినవాని స్థితి యెట్లుండును? అతనికి తోడు నిలుచువా రెవరు? ఈ ప్రశ్నకు మన క్రీడాచరిత్రలో ఒక అపూర్వమైన సమాధానము కలదు. అది 1962వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన ఇండొనేషియా రాజధానియైన జకార్తాలో లభించినది.

ఆ యేడు నాలుగవ ఆసియా క్రీడలు ఆ నగరమున జరిగెను. అందులకై సోవియట్ సహాయముతో సెనయాన్ అను చోట లక్షమంది కూర్చుండి చూడదగిన క్రీడారంగమును నిర్మించిరి. అయితే ఆతిథేయ ప్రభుత్వము ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానీయలేదు. ఆసియా క్రీడల స్థాపనకు పాటుపడినవారిలో ముఖ్యుడైన గురుదత్ సోంధీ అను భారతీయుడు దీనిని గట్టిగా ఆక్షేపించెను. సభ్యులను కొందరిని వెలిపెట్టి జరుపు ఉత్సవమునకు ఆసియా క్రీడలను పేరు తగదని ఆయన వాదము. ఆ మాట జకార్తా వీధులలో నిప్పు రాజవేసెను. సెప్టెంబరు 3న ఒక గుంపు భారత రాయబార కార్యాలయముపై పడెను. సోంధీ నగరము విడిచి వెళ్లవలసివచ్చెను. కాని మరునాడు ఫుట్‌బాల్ తుదిపోటీ ఆడవలసిన మన ఆటగాండ్రు ఎక్కడికి పోగలరు?

ఆ జట్టుకు శిక్షకుడు మన హైదరాబాదువాసియైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తొలుత బడిపంతులు. హైదరాబాదు నగర పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును దానికి దక్కించిన దిట్ట. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణపతకము, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సునందు నాలుగవ స్థానము ఆయన శిక్షణకు ఫలములు. జకార్తాలో గోలు కాచిన పీటర్ తంగరాజ్, ముందు వరుసలోని తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ మువ్వురును హైదరాబాదు, సికింద్రాబాదు మైదానములలో ఆట నేర్చినవారే.

మొదటి పోటీలో మనవారు దక్షిణ కొరియాకు 2-0తో ఓడిరి. పిమ్మట థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3-2తోను గెలిచి, తుదిపోటీలో మరల ఆ కొరియాకే ఎదురు నిలిచిరి. రక్షణపంక్తిలోని జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడియుండెను. రహీం అతనిని కూర్చుండబెట్టలేదు. ముందు వరుసకు మార్చి గోళ్లు చేయు పని అప్పగించెను.

మైదానమున మన జాతీయగీతము మొదలుకాగానే జనము గేలి కేకలు వేసిరి. ఆ హోరులో ఒక మూలనుండి భారతదేశమునకు జేజేలు వినవచ్చెను. అట్లు పలికినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాండ్రు! అవే క్రీడలలో హాకీ తుదిపోటీయందు మనలను 2-0తో ఓడించినవారు. మన ఆటగాండ్రు అనంతరకాలమున ఆ సంగతి పలుమార్లు చెప్పుకొనిరి. 1947లో విడివడి, కాశ్మీరమునకై ఒక యుద్ధము చేసి, 1965లో మరియొక యుద్ధము చేయనున్న దేశముల కథ యిది. అయినను పరాయిగడ్డపై ఒంటరియైన పొరుగువాని చూచినపుడు వారికి పగ గుర్తుకు రాలేదు.

17వ నిమిషమున పి.కె.బెనర్జీ, 20వ నిమిషమున కుట్లు పడిన తలతోనే జర్నైల్ సింగ్ గోళ్లు చేసిరి. కొరియా చివరలో ఒక గోలు మాత్రమే తీర్చగలిగెను. 2-1తో స్వర్ణము మనదయ్యెను. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు మరల స్వర్ణము రాలేదు. రహీం మరుసటి యేడు జూన్ 11న క్యాన్సర్ వ్యాధితో కన్నుమూసెను. ఇండొనేషియాను అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 1963లో కొంతకాలము వెలివేసెను.

జకార్తా ప్రజలను నిందించుటకై ఈ కథ చెప్పలేదు. వారి కోపము ఆటగాండ్రు చేసిన పనివలన కలిగినది కాదు. ఇంకొకరి మాటవలన కలిగినది. పరదేశము పోయిన ఆటగాడైనను, ప్రేక్షకుడైనను తన దేశపు మంచిచెడ్డలన్నియు భుజములపై మోయక తప్పదు. ఆ బరువును తేలిక చేయగలవాడు ప్రక్కనున్న మనిషియే.

రేడియోలో ఆట వినుచున్నపుడు వ్యాఖ్యాత మాటలనేగాక జనఘోషను కూడ చెవియొగ్గి వినుడు. సొంత జట్టు గోలు చేసినపుడు హోరెత్తును. అతిథి జట్టు గోలు చేసినపుడు ఒక్కసారిగా నిశ్శబ్దము ఆవరించును. ఆ నిశ్శబ్దములో ఎక్కడో నాలుగు చప్పట్లు వినవచ్చును. ఊరుగాని ఊరు వచ్చినవాని ధైర్యము వానిలోనున్నది. రేపు కొల్లేటి లంక గ్రామమునుండి ఒక జట్టు ఏలూరు మైదానమునకు వచ్చి, మనవారిపై చక్కని గోలు చేసినచో, ఆ నాలుగు చప్పట్లకు మన రెండు చేతులు తోడు చేయుదము. ఓడిపోవుచున్నను చేయుదము. 1962లో మనకొరకు పొరుగువారు చేసినది అదియే గదా!