శాస్త్రపత్రికలు – పరిశీలకుల తీర్పు

క్రొత్త విషయమును కనుగొనిన శాస్త్రజ్ఞుడు దానిని వెంటనే లోకమునకు తెలుపుట నేడు సహజముగా తోచును. పూర్వమట్లు కాదు. 1610లో గెలీలియో తాను శనిగ్రహమునందు చూచిన వింతను ఒక వాక్యముగా వ్రాసి, దాని అక్షరములను తారుమారు చేసి పంపెను. దానివలన రహస్యము బయటపడదు. మరియొకరు అదే విషయమును కనుగొనినచో, ముందు చూచినది తానేయని నిరూపించుకొనవచ్చును.

ఈ దాపరికమును క్రమముగా తొలగించినది పత్రిక. 1665 మార్చిలో లండను రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అను పత్రికను ఆరంభించెను. ఎవరు ముందు కనుగొనిరనుటకు అచ్చయిన తేదీయే సాక్ష్యమాయెను. అయితే అచ్చునకు అర్హమైనదేది? మొదట సంపాదకుడే నిర్ణయించెడివాడు. 1752లో సొసైటీ ఆ భారమును ఒక సంఘమునకు అప్పగించెను. 1830వ దశాబ్దిలో నిపుణుల అభిప్రాయమును వ్రాతమూలముగా తెప్పించుకొను పద్ధతి ఏర్పడెను.

ఈ పద్ధతియు దోషరహితము కాదు. బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నావికాశిక్షార్థులకు చదువు చెప్పుచుండిన జాన్ జేమ్స్ వాటర్‌స్టన్, వాయువులలోని అణువుల చలనమే వాటి ఉష్ణమునకు, పీడనమునకు మూలమని వివరించు వ్యాసమును 1845లో రాయల్ సొసైటీకి పంపెను. ఒక పరిశీలకుడు అది వట్టి అర్థరహితమని త్రోసిపుచ్చెను. సొసైటీ సమావేశమున చదివిన వ్యాసమును తిరిగి ఇచ్చు ఆచారము లేదు. ఆయనయొద్ద నకలు లేదు. తరువాత క్లాసియస్, మాక్స్‌వెల్ ఆ మార్గముననే ఖ్యాతి గాంచిరి. వాటర్‌స్టన్ 1883లో మరణించెను. 1891లో లార్డ్ రేలీ ఆ వ్రాతప్రతిని సొసైటీ దస్త్రములలో కనుగొని, 1892లో అచ్చు వేయించెను.

పరిశీలకుని మాటయే నిజమైన సందర్భమును కలదు. 1936లో ఐన్‌స్టీన్, రోజెన్‌తో కలిసి, గురుత్వ తరంగములు లేవను వ్యాసమును అమెరికాలోని 'ఫిజికల్ రివ్యూ'కు పంపెను. సంపాదకుడు జాన్ టేట్ దానిని పేరు తెలుపని పరిశీలకునికి చూపగా, ఐన్‌స్టీన్ ఆగ్రహించి ఉపసంహరించుకొనెను. కాని ఆ పరిశీలకుడు చూపిన దోషము ఉన్నదే. 1937లో మరియొక పత్రికలో వ్యాసము వెలువడునప్పటికి దాని నిర్ణయము మారియుండెను. 2015లో గురుత్వ తరంగములు పరికరములకు చిక్కెను.

1991లో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమాస్‌లో 'ఆర్కైవ్'ను నెలకొల్పిన పిమ్మట, భౌతికశాస్త్రజ్ఞులు పరిశీలకుల తీర్పునకు ముందే తమ వ్యాసములను కంప్యూటరు ద్వారా అందరికి అందించుచున్నారు. వాటర్‌స్టన్ వ్యాసమువలె దస్త్రములలో నలుబదియారేండ్లు మరుగుపడు భయము తగ్గినది. తప్పొప్పులను తేల్చుకొను భారము మాత్రము చదువరిపై పెరిగినది.